ల్యాప్‌టాప్ కొనేముందు



2015లో మొదలైన మన కర్నూలు ట్రిపుల్ ఐటీ పేరులోనే డిజైన్ ఉంది. అలాంటి చదువుకు ల్యాప్‌టాప్ తప్పదు. మా ఆపా కొడుకు మెకానికల్‌లో చేరినప్పుడు నేనే ఎంచాను, పల్చగా ముచ్చటగా ఉందని. రెండో ఏడు సాలిడ్‌వర్క్స్ తెరిస్తే బిగుసుకుపోయేది. వాడు రాత్రిదాకా కాలేజీ ల్యాబ్‌లోనే కూర్చున్నాడు గానీ నన్నొక్క మాట అనలేదు.

ముందు ఏ సాఫ్ట్‌వేర్ నేర్పుతారో సీనియర్లను అడగండి. సాలిడ్‌వర్క్స్ విండోస్ కోసం చేసినది. మ్యాక్‌బుక్ కొంటే చిక్కే. ర్యామ్ 16 జీబీ, ఎస్ఎస్‌డీ 512 జీబీ, విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే నాలుగేళ్లు నెట్టుకురావచ్చు. కొన్నిటిలో ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది, తర్వాత పెంచలేం. అదీ అడగండి.

మన కర్నూలు, కడప ఎండలు 40 డిగ్రీలు దాటుతాయి. పరుపు మీద పెడితే గాలి ఆడక మిషన్ వేడెక్కి నెమ్మదిస్తుంది. ఇంటికొచ్చి బాగుచేసే వారంటీ ఉందో లేదో చూడండి. ప్రతిసారీ హైదరాబాదు పోలేం.

డబ్బు చాలకపోతే, వారంటీ ఇచ్చేచోట వాడిన వర్క్‌స్టేషన్ ల్యాప్‌టాప్ తీసుకోవడం తప్పు కాదు.

సొసైటీ ఇచ్చే ప్రతి రూపాయి అమానత్. ఖర్చుపెట్టేముందు "నీ చదువుకు ఏం కావాలి?" అని బిడ్డను అడగండి. ఆ రోజు నేను అడగలేదు.