మీ హీరో జేబులో ఏ కత్తి ఉంది?

ఈ రోజు ఎపిసోడ్ కథలు రాసేవాళ్ల కోసం, ముఖ్యంగా సైన్స్ ఫిక్షన్ రాద్దామని ఫోన్ నోట్స్‌లో సగం సగం కథలు దాచుకున్నవాళ్ల కోసం.

మనం స్పేస్‌షిప్ గురించి ఆలోచించమంటే రోజుల తరబడి ఆలోచిస్తాం. ఇంజిన్ ఏంటి, స్పీడ్ ఎంత, లోపల ఎంతమంది పడతారు, అన్నీ. అదే హీరో నడుముకి ఉన్న కత్తి దగ్గరికి వచ్చేసరికి "నీలంగా మెరిసే కత్తి, దేన్నైనా కోసేస్తుంది" అని ఒక్క లైన్ రాసి ముందుకెళ్లిపోతాం. షిప్ ఇంజిన్‌ని ఏ పాఠకుడూ చూడలేదు కాబట్టి మీరు ఏం చెప్పినా నమ్ముతాడు. కత్తి అలా కాదు. పొద్దున్నే ఉల్లిపాయ కోసి వచ్చినవాడు మీ కథ చదువుతున్నాడు. కత్తి గురించి అబద్ధం చెబితే వెంటనే దొరికిపోతారు.

మరి నమ్మేలా ఎలా డిజైన్ చేయాలి? ముందు నిజంగా జరిగినవి చూద్దాం.

అందరికీ తెలిసిన స్విస్ ఆర్మీ నైఫ్ తీసుకోండి. 1891లో కార్ల్ ఎల్సెనర్ అనే ఆయన స్విట్జర్లాండ్ సైన్యానికి కత్తులు తయారుచేయడం మొదలుపెట్టారు. అందులో ఉన్నవి నాలుగే: ఒక బ్లేడు, తోలుకి బెజ్జాలు వేసే సూది లాంటిది, డబ్బా మూత తీసేది, ఒక స్క్రూడ్రైవర్. ఆ నాలుగే ఎందుకు? సైనికులకి కొత్తగా వచ్చిన రైఫిల్ విప్పాలంటే స్క్రూడ్రైవర్ కావాలి. తిండి రేకు డబ్బాల్లో వస్తోంది. బూట్లు, బెల్టులు తోలువి. అంటే ఆ కత్తిని చూస్తే ఆ సైనికుడి రోజు మొత్తం కనిపిస్తుంది. తర్వాత 1897లో ఆఫీసర్ల కోసం ఇంకో మోడల్ వచ్చింది. దానికి వైన్ సీసా బిరడా తీసే స్క్రూ పెట్టారు. మామూలు సైనికుడి కత్తికి అది లేదు. ఎవరు ఎక్కడ కూర్చుని ఏం తాగుతారో కూడా కత్తే చెప్పేస్తోంది, గమనించారా?

ఇంకో ఉదాహరణ, ఇది ఇంకా విచిత్రం. 1965 మార్చిలో వోస్ఖోద్ 2 నౌక తిరుగు ప్రయాణంలో దారి తప్పి, మంచు నిండిన అడవిలో దిగింది. లోపల లియోనోవ్, బెల్యాయెవ్. అంతరిక్షంలో మొదటిసారి బయట నడిచిన మనిషి ఆ లియోనోవే. భూమ్మీదకి వచ్చాక ఆయన భయమంతా తోడేళ్లు, ఎలుగుబంట్ల గురించి! తర్వాత కాలంలో సోవియట్ వ్యోమగాములకి టీపీ-82 అని మూడు గొట్టాల తుపాకీ ఇచ్చారు. దాని వెనక భాగం ఊడదీస్తే అదే అడవిలో కొమ్మలు నరికే పెద్ద కత్తి. అంతరిక్షానికి వెళ్లే మనిషి దగ్గర చెట్లు నరికే కత్తి! వినడానికి నవ్వొస్తుంది గానీ, వెనకున్న భయం తెలిశాక నవ్వు రాదు.

కాబట్టి డిజైన్ మొదలుపెట్టేటప్పుడు "ఇది ఏమేం చేయగలదు?" అని అడక్కండి. "ఆ లోకంలో రోజూ ఏం పాడవుతుంది? ఆ మనిషి దేనికి భయపడతాడు?" అని అడగండి.

ఇప్పుడు ఫిజిక్స్‌కి వద్దాం.

మన ఇళ్లలో కత్తిపీట గుర్తుందా? పీట మీద కాలో మోకాలో ఆనించి, రెండు చేతులతో కాయని బ్లేడుకేసి నొక్కుతాం. ఒంటి బరువు పీటని కదలకుండా పట్టుకుంటుంది కాబట్టే కాయ తెగుతుంది. ఇదే పని బరువు తెలియని చోట చేయండి. కాయని ముందుకి నెడితే మీరు వెనక్కి వెళ్లిపోతారు. న్యూటన్ గారు అక్కడ కూడా వదలరు. అందుకే అలాంటి చోట కత్తి కన్నా కత్తెర మంచిది. కత్తెర రెండు అంచులు ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి, మిమ్మల్ని నెట్టవు.

దీనికి నిజమైన కేసులు ఉన్నాయి. 1973లో స్కైలాబ్ స్టేషన్‌కి ఒక సోలార్ ప్యానెల్ తెరుచుకోలేదు, ఒక లోహపు పట్టీ అడ్డంపడింది. కాన్రాడ్, కెర్విన్ బయటికి వెళ్లి పొడవాటి కర్రకి బిగించిన కట్టర్‌తో ఆ పట్టీని తెంపారు. ఇక 2018 డిసెంబర్ 11న కొనొనెంకో, ప్రొకొప్యెవ్ ఇద్దరూ అంతరిక్ష కేంద్రానికి అతుక్కుని ఉన్న సోయుజ్ నౌకకి పడిన చిన్న రంధ్రాన్ని బయటి నుంచి చూడ్డానికి వెళ్లారు. పైన ఉన్న ఇన్సులేషన్ పొరల్ని కత్తితో, కత్తెరతో కోయాల్సి వచ్చింది. మొత్తం 7 గంటల 45 నిమిషాలు బయటే ఉన్నారు. కోసిన ముక్కలు చుట్టూ తేలుతున్నాయి. చేతిలో పదునైన కత్తి, ఒంటి మీద చిల్లు పడకూడని సూట్. ఆ ఉత్కంఠకి లేజర్లు అక్కర్లేదండీ.

గ్లౌజ్ సంగతి కూడా చూడాలి. సూట్ లోపల గాలి ఉంటుంది, బయట ఉండదు. అందుకని గ్లౌజ్ ఉబ్బి గట్టిపడుతుంది. పిడికిలి బిగించడం అంటే ప్రతిసారీ రబ్బరు బంతిని నొక్కడమే. గోటితో లాగి తెరిచే మడత కత్తి అక్కడ పనికిరాదు. చేయి జారితే ఇక అంతే: 2008లో ఒక వ్యోమగామి పని మధ్యలో టూల్ బ్యాగే తేలిపోయింది, మళ్లీ చేతికి రాలేదు. కాబట్టి ప్రతి పనిముట్టుకీ తాడు ఉండాలి.

"బ్రో, మాది ఫ్యూచర్, లేజర్ కత్తి పెట్టుకుంటాం" అంటారా? సరే, లెక్క వేద్దాం. మీ చేతిలో ఉన్న 5000 ఎంఏహెచ్ ఫోన్ బ్యాటరీలో సుమారు 19 వాట్ అవర్స్ శక్తి ఉంటుంది. ఉక్కు రేకులు కోసే లేజర్ మెషిన్లు కిలోవాట్లలో తింటాయి. 3 కిలోవాట్లు అనుకుంటే మీ బ్యాటరీ 23 సెకన్లలో ఖాళీ. అందులోనూ పెద్ద భాగం వేడిగా మారుతుంది, ఆ వేడంతా మీ అరచేతిలోనే. లేజర్ పెట్టొద్దని కాదు. పెడితే బ్యాటరీ ఎక్కడ, వేడి ఎటు పోతుంది, ఈ రెండూ చెప్పండి చాలు.

ఇప్పుడు మనమే ఒకటి తయారుచేద్దాం. అంగారకుడి మీద కాలనీ. రమణమ్మ, 46 ఏళ్లు, నీటి పైపుల మెయింటెనెన్స్ ఆమె పని.

ఆమె కత్తి మడత పడదు. అక్కడి సన్నటి దుమ్ము కీలులోకి వెళ్తే బిగుసుకుపోతుంది, నూనె వేస్తే దుమ్ము ఇంకా అంటుకుంటుంది. అందుకే ఒకే ముక్క, ఒర లోపల. మొన మొద్దుగా ఉంటుంది, పడవల్లో వాడే రెస్క్యూ కత్తుల్లాగా, పక్కవాళ్ల సూట్‌కి గుచ్చుకోకుండా. వీపు వైపు ఒక కొక్కెం, దాని లోపలి అంచుకి మాత్రమే పదును: పట్టీలు, తాళ్లు లాగి తెంపడానికి. పిడి చివర ఆరు మూలల తాళం, ఎందుకంటే ఆ కాలనీ పైపు బిగింపులన్నీ ఒకే సైజు. పిడి లావుగా, గ్లౌజ్‌కి సరిపడా. తాడుకి ఒక రంధ్రం. అంతే. దిక్సూచి లేదు, ఎందుకంటే అంగారకుడికి మొత్తం గ్రహాన్ని చుట్టిన అయస్కాంత క్షేత్రం లేదు. అగ్గి రాజేసేది లేదు, బయట మండడానికి ఆక్సిజన్ లేదు, లోపల మండితే అందరూ పోతారు.

ఏం చేయలేదో తేల్చడం చాలా ముఖ్యం. "డాక్టర్ హూ" సిరీస్‌లో సోనిక్ స్క్రూడ్రైవర్ 1968లో వచ్చింది. పోను పోను అది ఏ తలుపైనా తెరిచేస్తుంటే కథకి అడ్డంకే లేకుండా పోతోందని 1982లో దాన్ని ధ్వంసం చేయించేశారు. చాలా ఏళ్ల తర్వాత తిరిగొచ్చినప్పుడు, చెక్క మీద పనిచేయదు అని ఒక హద్దు పెట్టారు. ఆ హద్దు ఉంటేనే మనిషి బుర్ర వాడతాడు.

ఇక ఆఖరి మాట. రమణమ్మ ఉండేది గాలి బిగించిన ఊరు. ఒక గుడ్డ గోడకి అటు చావు, ఇటు బతుకు. అలాంటి ఊళ్లో పదునున్న వస్తువు ఎవరి దగ్గర ఉండొచ్చు? మనల్ని విమానంలోకి చిన్న చాకుతోనే రానివ్వరు కదా. కాబట్టి ఆ కత్తికి నంబర్ ఉంటుంది, రిజిస్టర్‌లో సంతకం ఉంటుంది. ఆమె 11 ఏళ్లుగా నూరి నూరి బ్లేడు సన్నబడిపోయింది. ఎవరో పై అధికారి వచ్చి "ఈ రోజు నుంచి మీ పని రోబోలు చూసుకుంటాయి, కత్తి ఇచ్చేయండమ్మా" అన్నాడనుకోండి. ఆమె ఇస్తుందా? ఇచ్చాక మర్నాడు పట్టీలో ఎవరైనా చిక్కుకుంటే?

చూశారా, ఇంకా ఎవరూ ఎవరినీ పొడవలేదు, కథ మాత్రం మొదలైపోయింది.

మీ పాత్ర ఎవరు, అతని లోకంలో రోజూ ఏం పాడవుతుంది, అతని కత్తి ఏ ఒక్క పని చేయలేదు, ఈ మూడూ రాసి కింద కామెంట్‌లో పెట్టండి. బాగున్నవాటిని వచ్చే ఎపిసోడ్‌లో విప్పి చూద్దాం. అప్పటిదాకా ఉంటానండీ, బై.