కదిలింది నక్షత్రమా, మన మెషీనా?



మార్కాపురం రోడ్ స్టేషన్‌లో ఆగకుండా వెళ్లే ట్రైన్ హారన్ ఎప్పుడైనా గమనించారా? దగ్గరికొస్తుంటే సన్నగా, దాటిపోగానే కాస్త బొంగురుగా వినిపిస్తుంది. ఇదే డాప్లర్ ఎఫెక్ట్. వెలుగుకి కూడా అంతే. నక్షత్రం మనవైపు వస్తుంటే దాని స్పెక్ట్రమ్‌లోని గీతలు నీలం వైపు, దూరం వెళ్తుంటే ఎరుపు వైపు జరుగుతాయి.

చుట్టూ గ్రహం తిరుగుతుంటే నక్షత్రం కూడా ఊగుతుంది. కానీ చాలా కొంచెం! గురుగ్రహం వల్ల మన సూర్యుడు ఊగే వేగం సెకనుకు సుమారు 12 మీటర్లు. భూమి వల్ల అయితే 9 సెంటీమీటర్లే.

అసలు తలనొప్పి ఇక్కడే. చిలీలోని హార్ప్స్ స్పెక్ట్రోగ్రాఫ్‌లో సెకనుకు 1 మీటర్ వేగం అంటే, కెమెరా చిప్ మీద గీత జరిగేది 15 మైక్రాన్ల పిక్సెల్‌లో దాదాపు వెయ్యో వంతు. అదే మీటర్ పొడవు స్టీల్ కడ్డీ ఒక్క డిగ్రీ వేడెక్కితే 12 మైక్రాన్లు సాగుతుంది. అంటే మనం వెతికే కదలిక కన్నా సుమారు 800 రెట్లు! గది కాస్త వేడెక్కినా, లేని గ్రహం ఉన్నట్టు కనిపించొచ్చు.

అందుకే ఆప్టికల్ ఫైబర్. స్పెక్ట్రోగ్రాఫ్‌ని టెలిస్కోప్‌కే బిగిస్తే, అది వాలినప్పుడల్లా ఇదీ వంగుతుంది. ఫైబర్ ఉంటే వెలుగు మాత్రమే ప్రయాణిస్తుంది, మెషీన్ వేరే గదిలో కదలకుండా ఉంటుంది. ఇంకో లాభం ఏంటంటే, గాలి వల్ల నక్షత్రం బొమ్మ అటూ ఇటూ అదిరినా, ఫైబర్ లోపల వెలుగు బాగా కలిసిపోయి, అవతల దాదాపు ఒకేలా బయటికొస్తుంది.

తమిళనాడులోని కావలూరులో 2.34 మీటర్ల వేణు బప్పు టెలిస్కోప్‌కి ఇలాంటి ఫైబర్ స్పెక్ట్రోగ్రాఫ్ ఉంది. దాని వివరాల్ని ఎన్. కామేశ్వరరావు గారి బృందం 2005లో ప్రచురించింది. మౌంట్ అబూలోని పారస్ ఇంకో మెట్టు ఎక్కింది. మెషీన్ మొత్తం వాక్యూమ్ ట్యాంకులో, ఉష్ణోగ్రత తేడా డిగ్రీలో వందో వంతు దగ్గర. పక్కనే రెండో ఫైబర్‌లో థోరియం-ఆర్గాన్ ల్యాంప్ వెలుగు. పారస్ కొలతలతోనే 2018లో మనవాళ్లు భూమికి సుమారు 27 రెట్లు బరువున్న గ్రహాన్ని ప్రకటించారు.

బీటెక్ తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇది ఒక్క ఫిజిక్స్ వాళ్ల పని కాదు. టెంపరేచర్ కంట్రోల్ మెకానికల్ వాళ్లది, ఎలక్ట్రానిక్స్ ఈసీఈ వాళ్లది, డేటా లెక్కలు కోడింగ్ వచ్చినవాళ్లవి.

ఇక మీకో ప్రశ్న. నక్షత్రం గీతా, ల్యాంప్ గీతా రెండూ ఒకేలా జరిగితే కదిలింది ఎవరు? ఎందుకో కూడా కామెంట్‌లో రాయండి!