అవ్వ వేసిన పంక్తి
(నస్రుల్లాబాదులో చేసిన ప్రసంగ పాఠము)



మా అవ్వను గూర్చి నాలుగు మాటలు చెప్పమని పెద్దలు కోరినారు. పౌలు భక్తుడు తిమోతికి వ్రాసిన రెండవ పత్రికలో, అతని విశ్వాసాన్ని మెచ్చుకుంటూ మొదట అతని అవ్వ లోయిని తలచుకున్నాడు. ఆ తరువాతనే తల్లి యునీకేను. మన తెలుగు బైబిలులో అక్కడ ‘అవ్వ’ అనే ఉన్నది. మా ఇంటి పిలుపూ అదే. పౌలు మా ఊరు వచ్చి వెళ్లాడేమోనని చిన్నప్పుడు అనుకునేవాణ్ణి.

అవ్వ పుట్టిన సంవత్సరం ఏ పుస్తకంలోనూ లేదు. అడిగితే, “నిజాంసాగర్ కట్టేటప్పుడు తట్ట మోసిన” అనేది. మంజీర మీద ఆ పని 1923లో మొదలై 1931లో ముగిసింది. మెదకు దేవాలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ అయినదీ ఆ రోజులలోనే. ఆమెకు అక్షరము రాదు, కీర్తనలు మాత్రం నోటికి వచ్చు. తొమ్మిదిమందిని కని, ఇద్దరిని మట్టికిచ్చి, ఏడుగురిని పెంచింది. ఎసరు పెట్టిన ప్రతిపూటా పిడికెడు బియ్యం తీసి కుండలో వేసేది. ఆదివారం ఆ బియ్యం గుడికి పోయేది. క్రిస్మసుకు కోడండ్లు, అల్లుండ్లు, మనుమలు, మనుమరాండ్రు కలిసి మా ఇంట నలభై విస్తళ్లు పడేవి.

మా చిన్నాయన వంటిమీద స్పర్శలేని మచ్చలు కనబడినవి. ఊరిలో ‘పెద్దరోగం’ అన్నారు. ఊరి బయట గుడిసె వేయించమని కొందరు సలహా చెప్పారు. అవ్వ ఎవరితోనూ వాదించలేదు. బండి కట్టించి డిచ్‌పల్లి ఆసుపత్రికి తీసుకొనిపోయింది. 1915లో డాక్టరు ఇసబెల్ కెర్ దొరసానిగారు, ఆమె భర్త జార్జి కెర్ దొరగారు స్థాపించిన ఆసుపత్రి అది. దానికి చేయూతనిచ్చిన నిజామాబాదు రాజా నర్సాగౌడ్ గారు హిందువు. మా చిన్నాయన వెళ్లేనాటికి దొరసానిగారు లేరు, 1932లోనే ప్రభువునందు నిద్రించారు. అయితే 1940ల చివర నుండి వాడుకలోకి వచ్చిన డాప్సోన్ మాత్రలు ఆయనకు దక్కినవి. ఏండ్ల తరబడి మ్రింగి, నయమై ఇల్లు చేరాడు. రెండు వేళ్లు మాత్రం వంకరగానే ఉండిపోయినవి.

అసలు పరీక్ష అప్పుడు వచ్చింది. క్రిస్మసు భోజనానికి అందరం కూర్చున్నాము. చిన్నాయనకు వరండాలో వేరుగా విస్తరి వేసి ఉన్నది. ఎవరు వేశారో ఎవరూ ఒప్పుకోలేదు. అవ్వ గంటె కింద పెట్టి, ఆ విస్తరి ఎత్తి తెచ్చి మా పెద్దనాయన పక్కన వేసింది.

“వాడు బంతిల కూసుంటెనే అన్నం పెడ్త. లేకుంటె ఈ పండుగ నాకొద్దు బిడ్డా” అన్నది.

పెద్దనాయన లేచి బయటికి పోయాడు. అన్నం చల్లారింది. పిల్లలం ఆకలికి ఏడ్చాము. చాలాసేపటికి ఆయన తిరిగి వచ్చి తమ్ముని పక్కన కూర్చున్నాడు. అప్పుడు గాని అవ్వ గంటె పట్టలేదు.

ఇంతవరకు మా ఇంట అందరూ చెప్పుకొనేదే. ఎవరూ ఎరుగనిది ఒకటున్నది. ఆ మధ్యాహ్నం చిన్నాయన నాకు చెంబుతో నీళ్లు అందించాడు. దప్పిక లేదని చెప్పి నేను పుచ్చుకోలేదు. అవ్వ చూసింది. తిట్టలేదు. ఆ చెంబు అందుకొని నా ఎదుటనే తాగింది. చిన్నాయన బ్రదికి ఉన్నంతకాలం నేను ఆయనను క్షమాపణ అడగలేదు. ఈనాడు సంఘము ఎదుట ఆ తప్పు ఒప్పుకుంటున్నాను.

ఆ రోగానికి ఇప్పుడు మందు ఉచితముగా దొరుకుతున్నది. అయినా ఏదో ఒక కారణాన వేరు విస్తళ్లు మన ఇండ్లలో ఇంకా పడుతూనే ఉన్నవి. భూమి తగాదా ఒకచోట, ఇష్టంలేని పెండ్లి మరొకచోట. మా అవ్వ సంతతిలోనే ఒకరి గడప ఒకరు తొక్కనివారున్నారు. రాబోయే క్రిస్మసుకు వారి ఇండ్లకు నేనే పోయి పిలుస్తాను. అవ్వ పేరు చెప్పుకొనే మనుమనికి అంతకంటె తక్కువ చేయుట తగదు.

నా కొరకు ప్రార్థించండి. సెలవు.