మన సంఘం ల్యాప్‌టాప్‌లో ఎవరి పేర్లున్నాయి?

(విశాఖపట్నంలో ఆదివాసీ యువత శిక్షణలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్న ఒక తమ్ముడు అడిగాడు: "అక్కా, హ్యాక్ చేయడానికి మన దగ్గర ఏముంది? చందాలు పోగేసి బస్సు ఛార్జీలు పెట్టుకునే సంఘం మనది." నిజమే, డబ్బు లేదు. కానీ ఆ ల్యాప్‌టాప్ ఒకసారి తెరిచి చూడండి. పోడు పట్టాల అర్జీలు, ఆధార్, పాసుబుక్ ఫొటోలు. 1/70 కేసులో ఎవరి మీద ఎవరు ఫిర్యాదు పెట్టారు, సాక్షులెవరు, వాళ్ల ఫోన్ నంబర్లేమిటి. ఇవి అవతలివాడి చేతిలో పడితే సంఘానికి ఏమవుతుందో తర్వాత చూద్దాం. ముందు బెదిరింపు వెళ్లేది కొండ మీద ఉన్న ఆ సాక్షి ఇంటికి.

మనకు అండగా నిలిచిన సమత తీర్పు 1997లో వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు కంపెనీలకు గనుల లీజుకు ఇవ్వకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కాలంలో సంఘాల కాగితాలు బీరువాలో పెట్టి తాళం వేస్తే సరిపోయేది. ఇప్పుడు బీరువా మన జేబులోనే ఉంది. తాళం మాత్రం చాలామంది వేయలేదు.

పెద్ద సంస్థలకే తప్పలేదు. 2022 జనవరిలో అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ సర్వర్లలోకి ఎవరో చొరబడ్డారని బయటపడింది. యుద్ధాల్లో, వలసల్లో కుటుంబాలకు దూరమైనవాళ్లు, తప్పిపోయినవాళ్లు, ఖైదీలు, మొత్తం 5 లక్షల 15 వేల మందికి పైగా వివరాలు వాళ్లకు చిక్కాయి. ఎలా దూరారు? ఒక సాఫ్ట్‌వేర్‌లో లోపాన్ని సరిచేసే అప్‌డేట్ వేయకుండా ఉండిపోయింది. అంతే. ఫోన్‌లో అప్‌డేట్ అడిగినప్పుడల్లా "తర్వాత" నొక్కే మనకి ఇది కొత్త కథేం కాదు కదా!

ఇక స్టాన్ స్వామి గారి సంగతి. జార్ఖండ్ ఆదివాసీల కోసం పనిచేసిన ఆ పెద్దాయనను 2020 అక్టోబరులో, 83 ఏళ్ల వయసులో, భీమా కోరేగావ్ కేసులో అరెస్టు చేశారు. 2021 జూలై 5న కస్టడీలోనే చనిపోయారు. ఆయన కంప్యూటర్‌లోకి ఎవరో చొరబడి, ఆయనకు తెలియకుండా ఫైళ్లు పెట్టారని అమెరికాకు చెందిన ఆర్సెనల్ కన్సల్టింగ్ 2022 డిసెంబరులో నివేదిక ఇచ్చింది. అంటే దొంగ మన ఇంట్లోంచి ఎత్తుకుపోవడమే కాదు, మన ఇంట్లో ఏదైనా పెట్టి కూడా పోగలడు. నాకైతే ఈ రెండోదే ఎక్కువ భయం.

దాడి చేసేవాడు ఎక్కడో ఉంటాడనుకోకండి. డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మించి కంబోడియాకు పంపి, అక్కడ బలవంతంగా సైబర్ మోసాలు చేయించిన వ్యవహారాన్ని 2024 మేలో ఈ విశాఖ పోలీసులే బయటపెట్టారు. ఇరుక్కున్నవాళ్లలో మన ఉత్తరాంధ్ర కుర్రాళ్లున్నారు. అందుకే అవతలి గొంతు మన యాసలో మాట్లాడినా, "పీఎం కిసాన్ యాప్" అంటూ ఏపీకే ఫైల్ పంపినా తొందరపడొద్దు. పంపింది తెలిసినవాడైనా సరే, ముందు ఫోన్ చేసి అడగండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి చెప్పండి.

గ్రామసభ వాట్సాప్ గ్రూపులో ఆధార్ ఫొటోలు పెట్టడం ఇవాళ్టితో ఆపేద్దాం. అర్జీల కాపీ ఒకటి విడిగా హార్డ్‌డిస్క్‌లో ఉండాలి. కాపీ చేశాక దాన్ని ల్యాప్‌టాప్‌కి తగిలించి వదిలేయకండి. పని మానేసి వెళ్లినవాళ్లకు పాత పాస్‌వర్డ్ ఇంకా పనిచేస్తుంటే ఈ రాత్రికే మార్చండి. నెట్ సెంటర్‌లో సంఘం జీమెయిల్ తెరిస్తే లాగౌట్ చేసే లేవండి. వీటికి పెద్ద ఖర్చేమీ లేదు, దాతల్ని అడగక్కర్లేదు.

ఇప్పుడు అందరూ ఫోన్లు తీయండి. వాట్సాప్ సెట్టింగ్స్‌లో అకౌంట్, అందులో టూ-స్టెప్ వెరిఫికేషన్. ఆరంకెల పిన్ పెట్టుకోండి, పుట్టిన తేదీ మాత్రం వద్దు. పాడేరు వైపు నుంచి వచ్చినవాళ్లకు బస్సు టైమవుతోంది, ముందు వాళ్లవి చూద్దాం.