ఫోన్లో వచ్చే బ్యాంకు మేనేజరు



ఇవాళ దొంగల సంగతి. ఈ దొంగ కన్నం వేయడు. గోడ దూకడు. అసలు ఊళ్ళోకే రాడు. ఎక్కడో కూర్చుని ఫోను చేస్తాడు. "అమ్మా, బ్యాంకు నుంచి" అంటాడు.

పొదుపు సంఘంలో ఒక అక్క ఉందనుకోండి. సంఘం అప్పు నిన్ననే ఆమె ఖాతాలో పడింది. గేదెను కొనాలని ఆశ. పొయ్యి మీద కూర ఉడుకుతోంది. ఫోను మోగింది.

"అమ్మా, హెడ్డాఫీసు నుంచి మాట్లాడుతున్నాం. మీ ఖాతాకు ఆధారు కలపలేదు. సాయంత్రానికి ఖాతా ఆగిపోతుంది."

"అయ్యో! నిన్ననే లోను పడింది సారూ!"

"అందుకే చేశానమ్మా. ఇప్పుడే సరిచేస్తాను. ఏటీఎం కార్డు తెచ్చుకోండి. దాని మీద పదహారు అంకెలున్నాయి, చదవండి."

ఆమె కూడబలుక్కుని ఒక్కో అంకే చదివింది. కార్డు ఎప్పటిదాకా చెల్లుతుందో ఆ నెల, సంవత్సరం అడిగాడు. చెప్పింది. వెనకవైపు మూడు అంకెలు అడిగాడు. అవీ చెప్పింది.

"ఇప్పుడు మీ ఫోనుకు మెసేజి వచ్చింది చూడండి. అందులో ఆరు అంకెలుంటాయి. అవి కూడా చదివితే పనైపోతుంది."

చదివింది. పనైపోయింది. ఖాతాలో గేదె డబ్బు లేదు.

ఇందులో కడుపు రగిలే సంగతి ఒకటుంది. రాత్రిబడిలో కష్టపడి నేర్చుకున్న అంకెలవి. వాటిని తడుముకోకుండా చదవగలిగినందుకు ఆమె మనసులో సంతోషించే ఉంటుంది కూడా. ఆ మెసేజిలోనే "ఈ నెంబరు ఎవరికీ చెప్పవద్దు" అని రాసి ఉంటుంది. కాని చాలాసార్లు అది ఇంగ్లీషులో ఉంటుంది. అంకెలు చదవగలిగింది, హెచ్చరిక చదవలేకపోయింది. దొంగకు కావలసింది సరిగ్గా అదే.

ఇంతకీ ఆ ఆరు అంకెలు ఏమిటి? వాటిని ఓటీపీ అంటారు. ఒక్కసారికే పనికొచ్చే తాళంచెవి అనుకోండి. దొంగ అక్కడ కూర్చుని ఆమె కార్డు నెంబరు వేసి ఏదో కొంటున్నాడు. బ్యాంకుకు అనుమానం. "కొనేది ఖాతా ఉన్న మనిషేనా?" అని తెలుసుకోడానికి ఆమె ఫోనుకు ఓ నెంబరు పంపింది. ఆ నెంబరు తిరిగి చెప్తేనే డబ్బు కదులుతుంది. ఫోను ఆమె చేతిలో ఉంది. దొంగ చేతిలో లేదు. కనుక అతనికి ఆమె నోరు కావాలి. ఆమె నోరు విప్పకపోతే అతను చేయగలిగింది చాలా తక్కువ.

బ్యాంకువాళ్ళకు ఆ నెంబరుతో పనిలేదు. పంపింది వాళ్ళే కదా! మేనేజరు అడగడు, గుమాస్తా అడగడు, రిజర్వు బ్యాంకు అసలే అడగదు. ఏటీఎం పిన్ను, ఫోనుతో డబ్బు పంపే యూపీఐ పిన్ను కూడా అంతే. యూపీఐ పిన్ను గురించి ఇంకొక్క ముక్క. అది డబ్బు పంపడానికే. డబ్బు రావడానికి పిన్ను కొట్టనక్కరలేదు. "మీకు ఐదువేలు పంపిస్తున్నాం, పిన్ను కొట్టండి" అన్నాడంటే అది రావడం కాదు, పోవడం.

"నా పేరు చెప్పాడు, నా బ్యాంకు పేరు చెప్పాడు. దొంగకెలా తెలుస్తుంది?" అని చాలామంది అడుగుతారు. పేర్లు, ఫోను నెంబర్లు ఉన్న జాబితాలు వాళ్ళ మధ్య చేతులు మారుతుంటాయి. కొందరు గాలిలో రాయి వేస్తారు. ఎవరికి తగిలితే వారికి తగులుతుంది. ఫోను మీద బ్యాంకు బొమ్మ, పేరు కనిపించినా నమ్మడానికి లేదు. ఆ పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు. ఖాతా, లావాదేవీల పని మీద బ్యాంకులు ఫోను చేయాలంటే 1600తో మొదలయ్యే నెంబర్ల నుంచి చేయాలని 2025 జనవరిలో రిజర్వు బ్యాంకు చెప్పింది. కాని ఏ నెంబరు నుంచి వచ్చినా సరే, ఆ ఆరు అంకెలు మాత్రం చెప్పకూడదు.

వేషాలు చాలా ఉన్నాయి. ఒకడు కార్డు బ్లాకయిందంటాడు. ఒకడు రైతు డబ్బు పడిందంటాడు. పది అంకెల మామూలు సెల్ నెంబరు నుంచి "బ్యాంకు" పేరుతో మెసేజి వస్తుంది. "ఇక్కడ నొక్కండి" అని ఉంటుంది. నొక్కితే బ్యాంకు బొమ్మతోనే ఒక కాగితం లాంటిది తెరుచుకుంటుంది. అందులో రాసిందల్లా దొంగకు చేరుతుంది. వాట్సాప్‌లో ఏదో పంపి ఫోనులో ఎక్కించుకోమనేవాడు ఇంకా ప్రమాదం. అది ఎక్కితే మెసేజీలు అతనే చదువుకుంటాడు. అప్పుడిక నోటితో కూడా పనిలేదు.

వేషం ఏదైనా అందరూ తొందరపెడతారు. "ఇప్పుడే, ఈ నిమిషమే. ఫోను పెట్టొద్దు. ఎవరికీ చెప్పొద్దు." నిజమైన బ్యాంకు పని రేపటిదాకా ఆగుతుంది. పాసుపుస్తకం చేతబట్టుకుని వెళ్ళి అడిగితే ఎవరూ కాదనరు. పెద్దమనిషి ఫోను పెట్టేస్తే మర్యాద కాదేమో అని మొహమాటపడే ఆడవాళ్ళున్నారు. దొంగ దగ్గర మర్యాదేమిటి? పెట్టేయండి.

ఝార్ఖండ్ రాష్ట్రంలో జామ్‌తారా అనే జిల్లా ఉంది. కొన్నేళ్ళ పాటు ఈ ఫోను దొంగతనాలకు దేశమంతా పేరుమోసింది. ఎన్నో రాష్ట్రాల పోలీసులు అక్కడికి వెళ్ళి మనుషుల్ని పట్టుకొచ్చారు. ఆ జిల్లాలోనే కర్మాటాడ్ అనే చోట ఈశ్వరచంద్ర విద్యాసాగర్ గారు చివరి రోజుల్లో చాలా ఏళ్ళున్నారు. అక్కడి సంతాలుల మధ్య ఉంటూ ఆడపిల్లల బడి పెట్టారు, పెద్దవాళ్ళకు రాత్రిబడి నడిపారు. రాజమండ్రిలో 1881లో వితంతు వివాహం జరిపించిన మన వీరేశలింగం గారిని దక్షిణాది విద్యాసాగరుడని పిలిచింది ఆయన్ని తలచుకునే. అలాంటి చోటుకు ఇలాంటి పేరు రావడం బాధే. ఊరంతా దొంగలని కాదు. ఇప్పుడైతే ఈ ముఠాలు చాలాచోట్ల ఉన్నాయి. శుభ్రంగా తెలుగు మాట్లాడేవాళ్ళూ ఉన్నారు.

ఫోను ఇంట్లో పిల్లల చేతిలో ఉంటుంది. పదేళ్ళ పిల్లాడు ఎత్తి గబగబా చదివేస్తాడు. వాడికీ చెప్పి ఉంచాలి. పిన్ను నెంబరు కార్డు కవరు మీద రాసుకునే అలవాటు కూడా ఉంది. ఎందుకు? నాలుగంకెలు నోటికి రావా?

ఇక చెప్పకూడనిది చెప్పేశారనుకోండి. డబ్బు పోయింది. అప్పుడు చాలామంది ఏం చేస్తారు? నోరు మూసుకుంటారు. మొగుడు కొడతాడని, అత్త దెప్పుతుందని, సంఘంలో నవ్వుతారని. రెండు రోజులు అలా గడిచిపోతాయి. ఆ రెండు రోజులే దొంగకు పండగ. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు, అక్కడినుంచి మరో ఖాతాకు పరుగెడుతుంది. ఎక్కడో ఒకచోట ఇంకా ఆగి ఉండగానే పట్టుకోవాలి. అందుకు 1930 అనే నెంబరు ఉంది. ఇది దేశమంతటికీ ఒకటే. ఎంత పోయింది, ఎప్పుడు పోయింది, ఏ బ్యాంకు అని అడుగుతారు. డబ్బు పోయిన మెసేజి చెరపకుండా ఉంచాలి. అందులోని నెంబర్లు వాళ్ళకు కావాలి.

బ్యాంకుకూ వెంటనే చెప్పాలి. 2017 జూలైలో రిజర్వు బ్యాంకు ఒక ఉత్తర్వు ఇచ్చింది. ఖాతాదారు తప్పేమీ లేకుండా బయటివాళ్ళు డబ్బు కాజేస్తే, మెసేజి అందిన మూడు పనిదినాల్లో బ్యాంకుకు చెప్తే ఆ నష్టం ఆమెది కాదని అందులో చెప్పింది. తానే నెంబరు చెప్పేసి ఉంటే, బ్యాంకుకు తెలిపేదాకా పోయింది ఆమె భరించాలని ఆ ఉత్తర్వులో ఉంది. తెలిపిన తర్వాత కూడా పోతే అది బ్యాంకు భరించాలి. కాబట్టి ఎన్ని గంటలకు చెప్పారన్నది ముఖ్యం. నోటితో చెప్పి ఊరుకోకుండా కాగితం మీద రాసివ్వాలి. ఇలా రాయవచ్చు:

"బ్యాంకు మేనేజరు గారికి, నమస్కారములు. నా పేరు .......... నా ఖాతా నెంబరు .......... ఈ రోజు, తేదీ .........., ఉదయం ...... గంటలకు బ్యాంకు పేరు చెప్పి ఒకరు ఫోను చేశారు. ఆ తర్వాత నా ఖాతా నుంచి ......... రూపాయలు పోయాయి. నా కార్డు వెంటనే ఆపండి. నా డబ్బు తిరిగి రావడానికి చర్య తీసుకోండి. 1930కి ఫోను చేశాను. వాళ్ళు ఇచ్చిన నెంబరు .......... ఇట్లు, సంతకం."

రెండు కాగితాలు రాయాలి. ఒకటి బ్యాంకులో ఇచ్చి, రెండోదాని మీద ముద్ర, తేదీ, గంట వేయించుకుని ఇంటికి తెచ్చుకోవాలి.