దూడ కడుపే పాడికి పునాది
(గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



గేదె యీనిన వెంటనే ఇంటిల్లిపాది దృష్టియు పొదుగుమీదనే నిలుచును. పూటకు ఎన్ని లీటర్లు వచ్చుచున్నవి, వెన్న ఎంత పడుచున్నది అని అందరును అడుగుదురు. గుంజకు కట్టిన దూడ ఏమి తినుచున్నదని అడుగువారు అరుదు. చేపుటకు రెండు గుక్కలు కుడిపించి, పాలన్నియు కేంద్రమునకు పోసి, దూడ ముందు గుప్పెడు వరిగడ్డి వేయుట పలుచోట్ల అలవాటైనది. దీనివలన కలుగు నష్టము నేడు కనబడదు. రెండు మూడేండ్లకు కనబడును. ఆ నష్టము దూడ పేగులలో ఎట్లు ఆరంభమగునో మీకు మనవి చేసెదను.

చిన్నప్రేవు లోపలి గోడ నున్నగా నుండదు. మఖమలు గుడ్డ నూగువలె దానిపై లక్షలకొలది సూక్ష్మమైన మొలకలు నిలిచి యుండును. వీటిని చూషకములందురు. తిన్న ఆహారసారమును పీల్చి రక్తమునకు అందించునవి ఇవియే. వీటిపైని కణములు కొలది దినములలోనే అరిగి రాలిపోవును. వాటి స్థానమున క్రొత్తవి పుట్టుచుండును. అనగా పేగు గోడ ఎడతెగక నేయబడుచుండు వస్త్రము. నేతకు నూలు ఎట్లో, ఈ నేతకు మాంసకృత్తులట్లు. నూలు చాలనిచో వస్త్రము పలుచనగును. చూషకములు పొట్టివగును, జీర్ణరసములు తగ్గును. అంతట తిన్న కొద్ది ఆహారము సైతము ఒంటబట్టక పారుడు పట్టును; బలహీనమైన గోడను దాటి రోగక్రిములు లోనికి చొచ్చును. మేత తక్కువైనందున పేగు చెడును. పేగు చెడినందున ఉన్న మేత వ్యర్థమగును.

అట్లని మాంసకృత్తులను మితిమీరి పెట్టుటయు మేలు కాదు. పాలు మాన్పించిన పందిపిల్లలపై జరిగిన పరిశోధనలలో, అరగక మిగిలిన మాంసకృత్తులు పెద్దప్రేవులో కుళ్లి పారుడు కలిగించునని తేలినది. కావున తగినంత పరిమాణము, సులభముగా అరుగు గుణము రెండును ముఖ్యము. లేత దూడకు ఈ రెండును గల ఆహారము పాలే.

పెద్ద పశువు గడ్డి తిని బ్రతుకుచుండగా దూడ ఏల బ్రతుకజాలదని కొందరడుగుదురు. పెద్ద పశువు మొదటి పొట్టలో కోట్లకొలది సూక్ష్మజీవులు గడ్డిని పులియబెట్టి, తామే మాంసకృత్తులుగా మారి పశువునకు ఉపయోగపడును. పుట్టిన దూడకు ఆ పొట్ట మిక్కిలి చిన్నది, పనిచేయదు. పైగా వరిగడ్డిలో మాంసకృత్తులు నూటికి సుమారు నాలుగు పాళ్లే. అట్టి దూడకు గడ్డి మాత్రమే వేయుట, పండ్లు రాని పసిబిడ్డకు చెరకు గడ ఇచ్చుటవంటిది.

ఇక చేయవలసిన పనులు. దూడ పుట్టిన ఒకటి రెండు గంటలలోనే ముర్రుపాలు త్రాగించవలెను. తల్లి గర్భమున నున్నపుడు రోగనిరోధక పదార్థములు దూడకు అందవు. అవి ముర్రుపాల ద్వారానే అందును. పేగు గోడ వాటిని చెడకుండ రక్తములోనికి పోనిచ్చు కాలము సుమారు 24 గంటలు మాత్రమే. మాయ పడువరకు పాలు త్రాగనీయరాదను నమ్మకము దూడ ప్రాణమునకే ముప్పు.

మొదటి నెలలో దూడ బరువులో పదవ వంతు పాలు దినమునకు ఇవ్వవలెను. 30 కిలోల దూడకు 3 కిలోల పాలన్నమాట. రెండవ నెలలో పదునైదవ వంతు, మూడవ నెలలో ఇరువదవ వంతు చాలును. రెండవ వారము నుండియే గుప్పెడు దాణా అలవాటు చేయవలెను. దాణా అరుగునపుడు పుట్టు ఆమ్లములే మొదటి పొట్టను పెంచును. మొక్కజొన్న నూక 45 పాళ్లు, వేరుశనగ చెక్క 35, తవుడు 16, ఖనిజ లవణ మిశ్రమము 3, ఉప్పు 1 పాలు కలిపినచో నూటికి సుమారు 20 పాళ్లు మాంసకృత్తులు లభించును. బూజు పట్టిన చెక్క విషతుల్యము. యూరియా కలిపిన మేత లేత దూడలకు పెట్టరాదు. గేదె దూడలకు ఏలికపాములు తల్లిపాల ద్వారానే సంక్రమించును; కనుక పది పదునైదు దినముల వయస్సున పశువైద్యుని సలహాపై మందు త్రాగించవలెను.

దూడకు విడిచిన పాలు పోయిన పాలు కావు. దూడ చచ్చినచో తల్లి చేపుటయే కష్టమగును. బక్కచిక్కి బ్రతికిన పెయ్య ఆలస్యముగా ఎదకు వచ్చును. అన్నాళ్లు మేత ఖర్చే గాని పాలు లేవు. ఒక్క గేదెపై ఆధారపడిన పేద కుటుంబమునకు ఆ పెయ్యయే రేపటి గేదె.

1993లో అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణతో చేరిన పదునొకండవ షెడ్యూలులో పశుపోషణ, పశుగ్రాసము రెండును పంచాయతీలకు అప్పగింపదగిన విషయములుగా చేర్చబడినవి. కావున ఇది మీ బాధ్యతయు. ఊరిలో ఈనిన పశువుల పట్టిక వ్రాయించుడు. నెలకొకమారు దూడలన్నింటిని ఒకచోటికి తోలించి, పశువైద్య సిబ్బందిచే మందు ఇప్పించుడు. నీటి వసతి గల పంచాయతీ భూమిలో కొంత భాగమున అలసంద, దశరథ గడ్డి వంటి మేతలు పెంచి, భూమి లేనివారికి అందించుడు. పాల కేంద్రము వద్ద లీటర్ల లెక్కతోపాటు బ్రతికిన దూడల లెక్కయు పలకపై వ్రాయించుడు.

మొక్కై వంగనిది మానై వంగదందురు. దూడయై పెరగనిది గేదెయై పాలివ్వదు. ఈ మాట మీ మీ గ్రామములలో ప్రతి పశువుల కొట్టమునకును చేర్చవలెను.