మూడో సంతకం



2024లో మన చిత్తూరు కూటమి ఓటరుకు రెండు ఓట్లకూ సైకిలే గుర్తు. తిరుపతిలో అసెంబ్లీకి గాజుగ్లాసు, పార్లమెంటుకు కమలం. మన నాలుగు శాతం రిజర్వేషన్‌ను కాపాడతామని చంద్రబాబు అన్నారు. మతం ప్రాతిపదికన రిజర్వేషన్లు కుదరవని భాజపా అగ్రనేతలు అన్నారు. ఏప్రిల్ 30న వెలువడిన మేనిఫెస్టో తెలుగుదేశం, జనసేనలదే. భాజపా దానిలో చేరలేదు.

నెదర్లాండ్స్‌లో 2023 ఎన్నికల్లో 150 స్థానాలను 15 పార్టీలు పంచుకున్నాయి. నాలుగు పార్టీలు నెలల తరబడి చర్చించి, ఒప్పందం రాసుకున్నాకే మంత్రివర్గం ఏర్పడింది. అదీ ఏడాది నిలవలేదనుకోండి! అయినా వలసల అంశంపైనే పొత్తు తెగిందని పౌరులకు స్పష్టంగా తెలిసింది.

ఢిల్లీలో 240 వద్ద ఆగిన భాజపాకు తెలుగుదేశం 16 స్థానాలు ఊతం. కనుక కుప్పం శాసనసభ్యులైన ముఖ్యమంత్రిని మేము కోరేది, రిజర్వేషన్‌పై మూడు పార్టీల సంతకాలున్న ఒక్క కాగితం.